తొడిగేది ఎవరు?

(స్మారకోపన్యాస పాఠం)

చేతుల్లో పటుత్వం పోయినవారు ఒంటిమీద ధరించి వాడుకునే పరికరాలున్నాయి: స్ప్లింట్లు, స్ప్రింగు ఊతాలు, మోటారు గ్లవ్‌లు, కరెంటుతో కండరాన్ని కదిలించే పట్టీలు. వీటి గురించి పత్రికల్లో వచ్చేదంతా దాదాపు ఒకే మూసలో ఉంటుంది. ఎన్ని మోటార్లు, ఎంత బలం, ఎంత తెలివి అన్న లెక్కలే అందులో కనబడతాయి. నేను వేరే లెక్క అడుగుతాను. ఇంటికి వెళ్లాక దాన్ని తొడిగేది ఎవరు? పాడైతే సరిచేసేది ఎవరు? దాంతో జరిగే పని ఏది? ఈ మూడింటికీ జవాబు లేకుండా కొన్న పరికరం ఎంత ఖరీదైనదైనా చివరికి అటకెక్కుతుందనీ, మన డబ్బూ శ్రద్ధా ముందు ఆ జవాబుల మీద పెట్టాలనీ నా వాదన.

ముందు అవసరం సంగతి. మన జనం ఊహలో వైకల్యం అంటే కాలు. ప్రభుత్వ బోర్డుల మీద గుర్తు చక్రాల కుర్చీ. శిబిరాల్లో ముందు కంటబడేవి మూడు చక్రాల బండ్లు. దేశం గర్వంగా చెప్పుకునే ఆవిష్కరణ 1968లో డాక్టర్ పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన జైపూర్ కాలు. చేతికి అంత పేరున్న పరికరం ఒక్కటీ లేదు. చేతి అవసరం తక్కువై మాత్రం కాదు. తాను స్వయంగా వెన్నుపాము దెబ్బతో జీవిస్తున్న అమెరికా పరిశోధకురాలు కిమ్ ఆండర్సన్, అలాంటివారే 681 మందిని ప్రశ్నించి 2004లో ఫలితాలు ప్రచురించారు. కాళ్లూ చేతులూ నాలుగూ దెబ్బతిన్నవారిలో దాదాపు సగం మంది, ఒక్కటే తిరిగొస్తుందంటే చేతులు రావాలన్నారు. నడక కావాలన్నవారు అందులో చిన్న వంతు. అయినా చేయి వెనకబడటానికి కారణం ఊహించడం కష్టం కాదు. కాలు పనిని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: బరువు మోస్తూ మనిషిని ముందుకు తీసుకెళ్లాలి. చేతి పనికి అలాంటి వాక్యం దొరకదు. గుండీ, తాళంచెవి, జడ, ముద్ద, సంతకం, ఒక్కోదానికి వేళ్ల కూర్పు వేరు. పైగా చేతులు చెడే తీరు కూడా ఒకటి కాదు.

మెడలో వెన్నుపాము ఆరో నరం స్థాయి దగ్గర దెబ్బతిన్నవారిని తీసుకోండి. వేళ్లను ముడిచే కండరాలకు మెదడు ఆజ్ఞ అందదు. మణికట్టును పైకి లేపే కండరానికి మాత్రం అందుతుంది. మీరు కూర్చున్నచోటే ఒకసారి చేయి ముందుకు చాచి, వేళ్లను పూర్తిగా వదులు చేసి, మణికట్టును కిందికి వాల్చండి. వేళ్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు మణికట్టును పైకి లేపండి. వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలి పక్కకు వచ్చి ఆనుకుంటుంది. వేళ్లను లాగే టెండన్లు మణికట్టు మీదుగా వెళ్తాయి కనుక, మణికట్టు లేస్తే అవి బిగుస్తాయి, వాలితే వదులవుతాయి. పోలియో కాలంలో అమెరికా పునరావాస కేంద్రాలు ఈ సూత్రాన్నే ఒక కీలు స్ప్లింట్‌గా మలిచాయి. మణికట్టు లేపితే కీలు తిరిగి వేళ్లు పట్టుకుంటాయి. మోటారు లేదు, బ్యాటరీ లేదు. కాకపోతే స్ప్లింట్ ఉన్నా లేకపోయినా, ఈ సహజమైన పట్టు మిగలాలంటే వేళ్ల టెండన్లు కాస్త పొట్టిగానే ఉండాలి. అందుకే తెలిసిన థెరపిస్టు ఈ చేతికి వ్యాయామం చేయించేటప్పుడు ఒక నియమం తప్పరు: మణికట్టు పైకి ఉన్నప్పుడు వేళ్లు చాచకూడదు, వాలి ఉన్నప్పుడే చాచాలి. ఈ సంగతి తెలియని ఇంటివాళ్లు ప్రేమకొద్దీ నూనె రాసి, అరచేతిని వెనక్కి వంచి, పది వేళ్లనూ రోజూ పూర్తిగా సాగదీస్తే మిగిలిన ఆ కాస్త పట్టూ పోతుంది. ఆ తరవాత లక్షలు పోసి ఏ గ్లవ్ కొన్నా, పైసా ఖర్చు లేకుండా నిలిచి ఉండాల్సిన దాన్నే తిరిగి కొనుక్కుంటున్నట్టు లెక్క. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున ఎవరో ఒకరు కూర్చుని చెప్పాల్సిన మాట ఇది.

పక్షవాతం వచ్చిన చేతి సమస్య దీనికి తలకిందులు. చాలామందిలో చేయి మూసుకోవడం కాదు, తెరుచుకోవడమే కష్టం. మోచేయి వంగి, మణికట్టు వాలి, పిడికిలి బిగుసుకుని, బొటనవేలు అరచేతిలోకి దూరి ఉంటుంది. అలాంటి చేతికి గ్లవ్ ఎలా తొడుగుతారో దగ్గరగా చూద్దాం. మోచేతిని బల్ల మీద ఆనించాలి. మణికట్టును ఇంకొంచెం కిందికే వంచాలి. ఇందాక మీరు చూసిన సూత్రమే, అలా వంచితే పిడికిలి కాస్త సడలుతుంది. బొటనవేలిని కొన పట్టుకుని లాగకూడదు, మొదలు దగ్గర పట్టి మెల్లగా బయటికి తేవాలి. తరవాత ఒక్కో వేలు. చిటికెన వేలు దూరేసరికి చూపుడువేలు మళ్లీ ముడుచుకుపోతుంది. అరచేయి చెమటతో తడిగా ఉంటే గుడ్డ అతుక్కుని జారదు. చివర వెల్క్రో పట్టీలు లాగి బిగించాలి, అదీ రక్తం ఆగనంత వదులుగా, జారనంత గట్టిగా. ఇదంతా చేయడానికి ఒక మంచి చేయి కావాలి. పక్షవాతంలో అది తరచూ ఉంటుంది, కానీ ఒక్క చేత్తో ఇంత పని నేర్చుకోవాలి. మెడ దెబ్బలో రెండు చేతులూ పోతాయి కనుక ఇంకొకరు తొడగాలి. మన ఇళ్లలో ఆ ఇంకొకరు ఎక్కువగా తల్లో, భార్యో, కోడలో. పొయ్యి మీద కూర, బడికి బయల్దేరే పిల్లలు, పనికి పోయే తొందర, వీటి మధ్య పొద్దున్నే ఆవిడకు తీరిక దొరికితేనే పరికరం ఆ రోజు చేతికెక్కుతుంది. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో తయారీదారు గొప్పగా అచ్చువేస్తాడు. తొడగడానికి ఎంతసేపు పడుతుందో, ఎవరి చేతులు కావాలో ఎక్కడో చిన్న అక్షరాల్లో కూడా వెతుక్కోవాలి.

యంత్రం మీద మోజు కొత్తది కాదు. 1950ల్లో జోసెఫ్ మెకిబెన్ అనే భౌతికశాస్త్రవేత్త పోలియోతో చేతులు చచ్చుబడిన కూతురి కోసం ఒక కృత్రిమ కండరం తయారుచేశాడు. అల్లిక గొట్టంలో రబ్బరు తిత్తి పెట్టి గ్యాసు నింపితే అది లావై పొట్టిదవుతుంది, కండరంలాగే లాగుతుంది. ఇవాళ సాఫ్ట్ రోబోటిక్స్ పేరుతో వస్తున్న గాలి గ్లవ్‌లలో కొన్నింటికి మూలం అదే. 1960ల్లో, థాలిడోమైడ్ మందు వల్ల చేతులు లేకుండానో పొట్టి చేతులతోనో పుట్టిన పిల్లలకు బ్రిటన్, జర్మనీల్లో గ్యాసు సిలిండర్‌తో నడిచే చేతులు అమర్చారు. ఎడిన్‌బరోలో డేవిడ్ సింప్సన్ బృందం చేసిన చేతులు ఇంజినీరింగ్ పరంగా ఇప్పటికీ చదవదగ్గవి. పిల్లల్లో చాలామంది వాటిని విడిచిపెట్టారు. పాదాలతోనో, ఉన్న కొద్దిపాటి వేళ్లతోనో వాళ్లు అంతకంటే త్వరగా పని చేసుకోగలిగారు. పాదానికి స్పర్శ తెలుస్తుంది, గ్యాసు చేతికి తెలియదు. ఆ చేతులు పిల్లల అవసరం కంటే, పిల్లలు అందరిలా కనబడాలన్న పెద్దల కోరికను ఎక్కువ తీర్చాయని నా అభిప్రాయం.

ఈ వదిలేయడం గురించి అంకెలున్నాయి. 1993లో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు 227 మంది పెద్దలను అడిగితే, వారికి అందిన సహాయ పరికరాల్లో 29.3 శాతం పూర్తిగా మూలపడ్డాయని తేలింది. అందుకు దారితీసినవి నాలుగు: ఎంపికలో వాడేవారి మాట వినకపోవడం, పరికరం సులువుగా దొరకడం, అది సరిగా పనిచేయకపోవడం, మనిషి అవసరాలు మారిపోవడం. రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి. సులువుగా దొరికినది ఎందుకు మూలపడుతుంది? కొలత లేకుండా, ప్రయత్నించి చూడకుండా, తిప్పి పంపే వీలు లేకుండా చేతిలో పెట్టినది కనుక. కృత్రిమ చేతుల మీద ఇరవై అయిదేళ్ల పరిశోధనలను 2007లో బిడిస్, చౌ క్రోడీకరించారు. శరీర బలంతో నడిచేవాటిని పిల్లల్లో సగటున 45 శాతం, పెద్దల్లో 26 శాతం తిరస్కరించారు. విద్యుత్తుతో నడిచేవాటిని 35, 23 శాతం. ఇది నా వాదనకు పూర్తిగా అనుకూలం కాదని గమనించే ఉంటారు. విద్యుత్ చేతులను వదిలేసినవారు కాస్త తక్కువే. కానీ ఖరీదులో అంత తేడా ఉన్నప్పుడు, పెద్దల్లో మూడు శాతం తేడా మోటారు వల్ల వచ్చిన లాభంగా గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. రెండు రకాల్లోనూ పిల్లల్లో మూడో వంతుకు పైగా వద్దన్నారంటే కారణం మోటారు ఉండటంలోనో లేకపోవడంలోనో లేదు.

నిలిచిన పరికరాన్ని కూడా చూడాలి. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, డుపాంట్ పిల్లల ఆసుపత్రిలో తారిఖ్ రహ్మాన్ బృందం రూపొందించిన రెక్స్ అనే భుజం ఊతం అలాంటిది. కండరాల క్షీణత ఉన్న పిల్లలకు, కీళ్లు బిగుసుకుని పుట్టిన పిల్లలకు చేయి ఎత్తే బలం ఉండదు. కానీ చేతి బరువును ఇంకేదైనా మోస్తే, దాన్ని అటూ ఇటూ కదిలించే బలం మిగిలే ఉంటుంది. రెక్స్‌లో రెండు కడ్డీలు, కీళ్లు, కొన్ని రబ్బరు బ్యాండ్లు. చేయి ఎక్కడున్నా బ్యాండ్లు దాని బరువుకు సరిపడా పైకి లాగుతుంటాయి. 1932లో జార్జ్ కార్వర్డిన్ రూపొందించిన, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే స్ప్రింగుల టేబుల్ ల్యాంపు సూత్రమే ఇది. పిల్ల ఎదిగితే బ్యాండ్లు పెంచుతారు. చిన్న పిల్లలకు లోహం బరువవుతుందని భాగాలను త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్‌తో తీశారు. ముక్క విరిగితే ఫొటో పంపితే చాలు, కొత్తది అచ్చు తీసి పోస్టులో పంపగలిగారు. నేను మొదట అడిగినవాటిలో పాడైతే సరిచేసేది ఎవరన్నదానికీ, జరిగే పని ఏదన్నదానికీ ఇందులో జవాబుంది. అదీ ప్రపంచంలోకెల్లా డబ్బున్న దేశంలో, రోబోలు చేయగల ఆసుపత్రిలో ఎంచుకున్న జవాబు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా పేదవాడి వేదాంతం కదా, అక్కడివాళ్లకు మోటార్లు, మనకు రబ్బరు బ్యాండ్లా? కోపంలో న్యాయం ఉంది. శక్తిమంతమైన పరికరం మేలు చేసే మనుషులు నిజంగా ఉన్నారు. కండరంలో పుట్టే సన్నటి విద్యుత్ సంకేతాన్ని పసిగట్టి మోచేతినీ పిడికిలినీ కదిలించే మయోప్రో అనే ఆర్థోసిస్‌కు (చేతికి తొడిగే ఊతానికి) అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2024 నుంచి డబ్బు చెల్లిస్తోంది. దాని ధర ముప్పై వేల డాలర్లకు పైమాటే. కానీ శక్తిమంతమైన పరికరానికి ఏమవుతుందో చూపే ఉదాహరణ కూడా అక్కడిదే. క్లీవ్‌లాండ్‌లో హంటర్ పెక్‌హామ్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఫ్రీహ్యాండ్ అనే వ్యవస్థను తయారుచేసింది. చర్మం కింద అమర్చిన ఎనిమిది ఎలక్ట్రోడ్లు చచ్చుబడిన చేతి కండరాలను ప్రేరేపిస్తాయి. రెండో వైపు భుజాన్ని కదిపి, ఛాతీ మీద అంటించిన సెన్సర్ ద్వారా మనిషే పట్టును అదుపు చేస్తాడు. 1997లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. సుమారు 250 మందికి అమర్చారు. అది పనిచేసింది, వాళ్లు ఫోర్కు పట్టుకున్నారు, కలం పట్టుకున్నారు. 2001కల్లా దాన్ని అమ్మే కంపెనీ ఆ వ్యాపారం మానుకుంది. ఒంట్లో తీగలు మిగిలాయి, బయటి భాగాలకు కొత్త సరుకు ఆగింది. సైన్స్ గెలిచి కూడా ఓడిన కథ ఇది. మన ప్రభుత్వాలు దిగుమతి పరికరం కొనే ముందు విడిభాగాల ఒప్పందం ఎన్నేళ్లకని అడగాలని నేను అంటే, మోటారు వద్దని కాదు, దాన్ని బతికించమని.

రెండో అభ్యంతరం వైద్యుల నుంచి వస్తుంది. పరికరం ఇస్తే చేయి బద్ధకిస్తుంది, శిక్షణ ఇస్తే కోలుకుంటుంది అంటారు. దీనికి గట్టి ఆధారమే ఉంది. పరిశోధకుడు ఎడ్వర్డ్ టాబ్ చూపిన ప్రకారం పక్షవాతం తరవాత మనిషి చెడ్డ చేతిని వాడకపోవడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు విరగ్గొట్టడానికి మంచి చేతికే మిట్టెన్ తొడిగి కట్టేస్తారు. 2006లో వెలువడిన ఎక్సైట్ పరీక్షలో, 222 మందిలో ఈ పద్ధతి మామూలు చికిత్సకంటే మెరుగైన ఫలితమిచ్చింది. చేతికి తొడిగే పరికరాల చరిత్రలో చెడ్డ చేతిని ముట్టుకోకుండా దానికి మేలు చేసిన తొడుగు ఇదొక్కటేనేమో! అయితే అందులో చేరడానికి మణికట్టూ వేళ్లూ కొంతైనా కదలాలి. బొత్తిగా కదలని చేతికి ఆ మార్గం లేదు. మరోవైపు, శిక్షణనే రోబోకు అప్పగిస్తే ఏమవుతుందో బ్రిటన్ రాటుల్స్ పరీక్ష 2019లో చెప్పింది. 770 మంది మీద జరిగిన ఆ పరీక్షలో, రోబో శిక్షణ మామూలు వైద్యంకంటే చేతి పనితీరును మెరుగుపరచలేకపోయింది. కాబట్టి కోలుకునే అవకాశమున్న నెలల్లో శిక్షణకే పెద్దపీట వేయాలి, సందేహం లేదు. కానీ ఏళ్లు గడిచి చేయి ఇంతేనని తేలిన మనిషికి అదే నీతి వినిపించడం అన్యాయం. కళ్లద్దాలు పెట్టుకుంటే కన్ను బద్ధకిస్తుందని ఎవరం అనం.

చేతితో జరగాల్సిన పని ఏమిటన్న ప్రశ్నకు దేశాన్ని బట్టి జవాబు మారుతుంది, పరికరాలు మారవు. చేతి పనితీరును కొలిచే పేరున్న పరీక్షల్లో చెక్క దిమ్మలు ఎత్తడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం, చిన్న ఇనప గోళీలు తీయడం ఉంటాయి. అన్నం కలపడం ఉండదు. నాలుగు వేళ్ల కొనలతో కలిపి, ముద్ద చేసి, మణికట్టు తిప్పి, నోటి దగ్గర బొటనవేలితో వెనకనుంచి తోయడం ఎంత సున్నితమైన పనో, అది పోయినవారికే తెలుసు. మోటారు గ్లవ్ వేసుకుని పప్పన్నం కలపలేం. అరచేతి చుట్టూ పట్టీ కట్టి దానిలో స్పూన్ దోపితే తినొచ్చు, అది చవక, ఉతుక్కోవచ్చు కూడా. కుడివైపు పక్షవాతం వస్తే ఎడమచేత్తో తినాలి. పంక్తిలో నలుగురి మధ్య దానికి మనసు ఒప్పుకోవడానికి ఏ పరికరం కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు. చీర కుచ్చిళ్లకు రెండు చేతులు కావాలి. జాకెట్ హుక్కులు తీసి వెల్క్రో కుట్టించుకుంటే దర్జీ చేసే మేలు గ్లవ్ చేసే మేలుకు తీసిపోదు. ఎండల సంగతి వేరే. థెరపిస్టులు వేడి నీళ్లలో మెత్తబరిచి చేతి మీదే అచ్చు తీసే స్ప్లింట్ ప్లాస్టిక్ మన ఎండాకాలం మధ్యాహ్నం మూసిన కారులో వదిలేస్తే ఆకారం తప్పుతుంది. కుష్ఠువ్యాధి నయమైనా కొంకర్లు పోయిన చేతుల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. వెల్లూరులో 1940ల చివర్లో ఆ వేళ్లకు టెండన్ మార్పిడి శస్త్రచికిత్సలు మొదలుపెట్టిన పాల్ బ్రాండ్, ఆ చేతుల పుండ్లకు ముఖ్య కారణం నొప్పి తెలియకుండా వాడటమేనని గుర్తించారు. స్పర్శ లేని చేతికి కట్టిన పట్టీ ఒరుసుకుంటున్నా చెప్పేవారుండరు. విప్పిన ప్రతిసారీ చర్మం ఎర్రబడిందేమో కళ్లతో చూసుకోవాలి. ఈ మాట చెప్పకుండా స్ప్లింట్ ఇవ్వడం పుండు ఇవ్వడమే.

చివరి అభ్యంతరం నా కొలబద్ద మీదే. వాడకమే కొలత అయితే, రోజుకు ఎన్ని గంటలు ధరించారో లెక్కేస్తే సరిపోతుందా? సరిపోదు. రోజంతా కట్టుకుని దేనికీ వాడనివారుంటారు; పది నిమిషాలు కట్టుకుని బ్యాంకులో సంతకం పెట్టి విప్పేసేవారుంటారు. రెండోవారిదే సఫలత. కాబట్టి గంటలకంటే, మనిషి తానే ముందుగా చెప్పిన రెండు మూడు పనులు జరిగాయా అన్నది చూడాలి. మన దగ్గర దీనికి చోటే లేదు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో చేతి వైకల్యం ఒక శాతంగా మారుతుంది. నలభై దాటిందా లేదా అన్నదాని మీద పింఛను, రిజర్వేషను తేలతాయి. ఏం పోయిందో ఆ శాతం చెబుతుంది, ఏం మిగిలిందో, ఆ మనిషికి ఏ పని కావాలో చెప్పదు. 1981 నుంచి కేంద్రం నడుపుతున్న ఎడిప్ పథకమూ, కాన్పూరులోని ఆలిమ్కో తయారీ సంస్థా కొలత పెద్దగా అక్కర్లేని పరికరాలను శిబిరాల ద్వారా లక్షలమందికి చేర్చాయి, అది చిన్న సంగతి కాదు. కానీ చేతి స్ప్లింట్ ఒక్క రోజు శిబిరంలో తేలే పని కాదు. వారం తర్వాత వాపు తగ్గితే వదులవుతుంది, నెల తర్వాత చేయి మారితే ఒరుసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022 నివేదిక ప్రకారం 250 కోట్ల మందికి ఏదో ఒక సహాయ పరికరం కావాలి, దాదాపు వంద కోట్ల మందికి అది అందడం లేదు. ఆ అంకె చూసి పంపిణీ పెంచాలనిపించడం సహజం. పంపిణీ మాత్రమే పెంచితే మూలపడేవీ అంతే పెరుగుతాయి.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. సదరం పత్రంలో శాతం పక్కన ఆ మనిషి కోరిన మూడు పనులు రాయడానికి ఒక గడి పెట్టాలి. స్ప్లింట్ ఇచ్చిన వారానికి, నెలకు, ఆర్నెల్లకు మళ్లీ చూసినందుకు కూడా పరికరానికి ఇచ్చినట్టే డబ్బు చెల్లించాలి. పరికరం తొడిగే, వెంట వచ్చే ఇంటావిడ బస్సు ఛార్జీతో సహా. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులకు గుర్తింపు ఇచ్చింది కనుక, జిల్లా ఆసుపత్రిలో ఆ పోస్టు లేకపోవడానికి ఇక సాకు లేదు. మయోప్రో లాంటి ఒక్క ఆర్థోసిస్ ఖరీదుతో మన జిల్లాలో ఒక థెరపిస్టుకు కొన్నేళ్ల జీతం ఇవ్వొచ్చు. ఆ జీతం ఇచ్చాక, ఎవరికి మయోప్రో నిజంగా కావాలో చెప్పగల మనిషి కూడా ఆ థెరపిస్టే అవుతారు. అప్పుడు కొందాం.